ఇంటికి హీట్ పంప్ పెట్టిస్తే ఎంతవుతుంది? నల్లగొండ, పాలమూరు ఇళ్ల లెక్క

క్లుప్తంగా: స్నానాల నీళ్ల కోసం ఇంటికి హీట్ పంప్ పెట్టించాలంటే ఫిట్టింగుతో కలిపి దాదాపు లక్ష నుంచి లక్షా యాభై వేల రూపాయల దాకా అవుతుంది. గీజర్ కాల్చే కరెంటులో మూడో వంతుతో అన్నే నీళ్లు కాగుతాయి. అయినా బకెట్లతో స్నానం చేసే నలుగురి కుటుంబానికి ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. ఏడాది పొడవునా వేడి నీళ్లు కావాల్సిన లాడ్జీలకు, ఆసుపత్రులకు గిట్టుబాటవుతుంది. దక్షిణ తెలంగాణలో ఈ లెక్కను అటో ఇటో తిప్పేవి రెండు: కరెంటు బిల్లులో 200 యూనిట్ల గీత, బోరు నీళ్లలోని సున్నం.

## ఒకే పేరు, రెండు యంత్రాలు

లండన్‌లో ఉన్న కొడుకో కూతురో ఫోన్లో "ఇంటికి హీట్ పంప్ పెట్టించాం" అంటే, అది ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రం. అక్కడ గ్యాస్ బాయిలర్ తీసేసి, బయటి గాలిలోని వేడిని లాగి గదుల్లోని రేడియేటర్లకు పంపే ఏర్పాటు చేసుకుంటారు. పాత రేడియేటర్లు, పైపులు మార్చాల్సి వస్తే ఖర్చు పది వేల పౌండ్లు దాటుతుంది. అందుకే ఇంగ్లండ్, వేల్స్‌లలో బ్రిటన్ ప్రభుత్వం 2023 అక్టోబరు నుంచి ఒక్కో ఇంటికి 7,500 పౌండ్ల సాయం ఇస్తోంది. ఇంటర్నెట్‌లో హీట్ పంప్ ధర వెతికితే ముందు కనిపించేవి ఈ లెక్కలే. వాటిని రూపాయల్లోకి మార్చి చూసి బెదిరిపోవాల్సిన పని లేదు, ఆ యంత్రం ఇక్కడికి అక్కర్లేనిది.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. గది వెచ్చబెట్టుకునేంత చలి కాదు, దుప్పటితో సరిపోతుంది. ఇక్కడ హీట్ పంప్ అంటే నీళ్లు కాచేది: కింద నీళ్ల ట్యాంకు, దాని నెత్తిన చిన్న ఏసీ లాంటి యంత్రం. ఇంట్లో అది తీసుకునేది గీజర్ చోటు. ఊళ్లో అయితే వాకిట్లో పత్తి కట్టె మీద మరిగే నీళ్ల కాగు చోటు.

## ఒక యూనిట్ పెట్టి మూడు యూనిట్ల వేడి

లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.16 వాట్ అవర్ల శక్తి కావాలి (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). 100 లీటర్లను 22 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 3.3 యూనిట్లు. రాడ్ హీటరైనా, ఐదు చుక్కల (ఫైవ్ స్టార్) గీజరైనా ఈ 3.3 యూనిట్లు కాల్చాల్సిందే. గీజర్ మీది చుక్కలు చెప్పేది కాగిన నీళ్లు ఎంతసేపు చల్లారకుండా ఉంటాయన్నదే. కాచే ఖర్చు అన్నిటికీ ఒకటే.

హీట్ పంప్ వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. ఫ్రిజ్ లోపలి వేడిని వెనకాలి జాలీకి తోసినట్టు, ఇది చుట్టూ ఉన్న గాలిలోని వేడిని పీల్చి ట్యాంకులోకి తోస్తుంది. కరెంటు ఖర్చయ్యేది కంప్రెసర్, ఫ్యాన్ తిప్పడానికే. అందుకే ఒక యూనిట్‌కు రెండున్నర నుంచి మూడున్నర యూనిట్ల వేడి ట్యాంకుకు చేరుతుంది. మూడు రెట్లు అనుకుంటే పై 100 లీటర్లకు 1.1 యూనిట్లు చాలు.

ఈ రెట్లు గాలి వెచ్చదనాన్ని బట్టి మారతాయి. జనవరిలో తెల్లారగట్ల అయిదింటికి నడిపితే గాలిలో వేడి తక్కువ, యంత్రం ఎక్కువసేపు తిరుగుతుంది. అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు గాలి 28, 30 డిగ్రీలుంటుంది. కాబట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం నాలుగైదింటి దాకా నడిచేలా టైమర్ పెట్టడం మేలు. ట్యాంకు మందంగా ఇన్సులేట్ అయి ఉంటుంది, మర్నాడు పొద్దునకు నాలుగైదు డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. చాలామంది గీజర్ అలవాటు కొద్దీ పొద్దున్నే స్విచ్ వేస్తారు. గంటలో నీళ్లు కాగకపోయేసరికి యంత్రం చెడిపోయిందనుకుంటారు. 200 లీటర్ల ట్యాంకు నిండా కాగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అది దాని తీరే.

హీట్ పంప్ బాగా పనిచేసే ఎండాకాలంలో ఈ ప్రాంతంలో దాని అవసరమే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లే ఒళ్లు చురుక్కుమనిపిస్తాయి. యంత్రం నిండుగా పనిచేసేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వానాకాలంలో కొంత. లక్ష పెట్టిన వస్తువు ఏడాదిలో నాలుగైదు నెలలు ఊరికే నిలబడి ఉంటుందన్నది ముందే లెక్కలోకి తీసుకోవాలి.

## డబ్బు ఎక్కడెక్కడ పడుతుంది

100 నుంచి 200 లీటర్ల ఇంటి యంత్రం మోటుగా 80 వేల నుంచి లక్షా 30 వేల దాకా ఉంటుంది. 15 నుంచి 25 లీటర్ల గీజర్ ఏడు వేల నుంచి పన్నెండు వేలకు వస్తుంది. దుకాణంలో అడిగితే చెప్పేది యంత్రం ధరే. ఫిట్టింగుకు ఇంకో 15 నుంచి 25 వేలు పక్కన పెట్టుకోవాలి. ఆ డబ్బు తినేవి ఇవీ.

ముందు నిలబెట్టే చోటు. 200 లీటర్ల యంత్రం నీళ్లతో కలిపి 300 కిలోల దాకా తూగుతుంది, ఆ బరువంతా రెండడుగుల చక్రమంత చోటు మీదే. మిద్దె మీద పెట్టేటట్టయితే కింద బీమో, బరువు మోసే గోడో ఉన్న వైపు దిమ్మె కట్టించాలి. బండలు పరిచిన పాతకాలపు కప్పు మీద అసలు పెట్టకూడదు.

తర్వాత పైపులు. వేడి నీళ్లకు సీపీవీసీ పైపే వాడాలి. మామూలు పీవీసీ మెత్తబడి జాయింట్ల దగ్గర ఊడుతుంది. ముప్పావు అంగుళం సీపీవీసీ పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. యంత్రం మిద్దె మీద, బాత్రూము కింద, మధ్యలో 15 మీటర్ల పైపు అనుకుంటే, నల్లా తిప్పిన ప్రతిసారీ దాదాపు నాలుగు లీటర్లు చల్లనివే వస్తాయి. బకెట్లో అయిదో వంతు అవే. వాటి వెనక వచ్చిన వేడి నీళ్లలో మళ్లీ నాలుగు లీటర్లు పైపులోనే చల్లారతాయి. పైపుకు నల్లటి నైట్రైల్ ఫోమ్ తొడిగితే కొంత ఆగుతుంది. మిద్దె మీద కోతులు దాన్ని పీకి పారేస్తాయి కాబట్టి పైన అల్యూమినియం రేకో, పెద్ద పీవీసీ పైపో కవచంగా వేయించాలి.

చల్లనీళ్లు ట్యాంకులోకి వెళ్లే దారిలో నాన్ రిటర్న్ వాల్వు, ట్యాంకులో ఒత్తిడి గానీ వేడి గానీ మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు తప్పనిసరి. సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తోందని కొందరు ప్లంబర్లు దానికి డమ్మీ బిగించి పోతారు. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, ఆ ఉబ్బు పోవడానికే ఆ వాల్వు. దాన్ని మూయడమంటే ట్యాంకును ప్రెషర్ కుక్కర్ చేసి విజిల్ కట్టేయడమే. దీని మీద రాజీ పడకూడదు.

కరెంటు పని చిన్నదే. ఇంటి యంత్రం కంప్రెసర్ వెయ్యి వాట్ల లోపే లాగుతుంది. లోడు ఎక్కువైతే ఆపేసే విడి ఎంసీబీ, షాక్ కొట్టే ముప్పు వస్తే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉంటే చాలు. ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద వ్యవసాయ మోటర్లు నడిచే వేళ వోల్టేజీ 180కి పడిపోయే చోట మాత్రం స్టెబిలైజర్ లేకుండా పెట్టొద్దు. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ తిరగలేక మూలుగుతూ ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ కాలుతుంది.

ఇంకొకటి చాలామంది గమనించరు. ఎక్కువ యంత్రాల్లో కంప్రెసర్‌తో పాటు ఒకటిన్నర, రెండు కిలోవాట్ల హీటింగ్ ఎలిమెంట్ కూడా ఉంటుంది. నీళ్లు తొందరగా కాగాలని రిమోట్‌లోనో ప్యానెల్‌లోనో హైబ్రిడ్ మోడ్, బూస్ట్ మోడ్ నొక్కితే అది కూడా వెలుగుతుంది. అలాగే వదిలేస్తే లక్ష పెట్టి కొన్నది చాలా మటుకు గీజర్‌లాగే బిల్లు లాగుతుంది. బిగించిన రోజే మామూలు మోడ్‌లో పెట్టించుకోవాలి.

## 200 యూనిట్ల గీత

తెలంగాణ గృహ టారిఫ్‌లో 2022-23 నుంచి ఉన్న రేట్లు చూస్తే, నెల వాడకం 101 నుంచి 200 యూనిట్ల మధ్య ఉన్న ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3.40, మిగతావాటికి 4.80 రూపాయలు. వాడకం 200 దాటితే రేటు మొదటి యూనిట్ నుంచే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10, ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు వదిలేస్తే 200 యూనిట్ల బిల్లు 820 రూపాయలు. 210 యూనిట్ల బిల్లు 1,097. పది యూనిట్లకు 277 రూపాయలు తేడా.

వేడి నీళ్ల ఖర్చును ఈ గీత పక్కన పెట్టి చూడాలి. నలుగురున్న ఇల్లు, చలికాలంలో నీళ్లు కాచుకోకముందు నెలకు 150 యూనిట్లు వాడుతోంది, బిల్లు 580 రూపాయలు అనుకుందాం. తలా ఒకటిన్నర బకెట్, అంటే 30 లీటర్లు, 40 డిగ్రీల నీళ్లు పోసుకుంటే రోజుకు రెండున్నర యూనిట్ల వేడి. గీజర్‌ను ఆపకుండా ఉంచడం వల్ల పోయేది కలిపి మూడు యూనిట్లు, నెలకు 90. వాడకం 240కి చేరి బిల్లు 1,328 అవుతుంది. అదే హీట్ పంప్‌తో, పెద్ద ట్యాంకు రోజుకు ఒక యూనిట్ వేడి పోగొట్టుకున్నా, నెలకు 36 యూనిట్లకు మించదు. మొత్తం 186, బిల్లు 753. నెలకు 575 రూపాయలు మిగులు.

బాగానే కనిపిస్తుంది. కానీ ఇది చలికాలం నాలుగు నెలల లెక్క, అంటే 2,300 రూపాయలు. వానాకాలంలో కొంత కలుపుకున్నా ఏడాదికి నాలుగు వేలు దాటదు. గీజర్ కన్నా ఎక్కువ పెట్టింది కనీసం 80, 90 వేలు. అది ఇరవై ఏళ్లకు గానీ తిరిగి రాదు, అంతకాలం ట్యాంకు ఉంటుందన్న నమ్మకం లేదు. దుకాణాల్లో చెప్పే "మూడేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది" అన్న మాట బకెట్ స్నానాల ఇంటికి వర్తించదు.

గృహజ్యోతి ఇళ్లలో గీత ఇంకా పదునుగా ఉంటుంది. 2024 మార్చి నుంచి అర్హులైన తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. దాటితే మొత్తం కట్టాలి. పై ఇంట్లోనే గీజర్ వల్ల నెలకు 1,328 రూపాయలు మీద పడతాయి, హీట్ పంప్‌తో సున్నా బిల్లే ఉంటుంది. అయితే ఆ ఇళ్లకు లక్ష రూపాయల యంత్రం పరిష్కారం కాదు. అక్కడ పనికొచ్చేది పైసా ఖర్చు లేని పద్ధతి: గీజర్‌ను రాత్రంతా వదలకుండా స్నానాలకు పావుగంట ముందు వేసి, చివరి స్నానం మొదలవ్వగానే ఆపడం, తలా ఒక బకెట్‌తో సరిపెట్టుకోవడం. అలా చేస్తే నెలకు 50 యూనిట్ల దగ్గర ఆగుతుంది. 150కి 50 కలిపితే సరిగ్గా 200, గీత అంచు మీద నిలబడ్డట్టే. ఇంట్లో ఒక పాత ఫ్యాన్ మార్చినా, రెండు బల్బులు మార్చినా గీత లోపలికి వచ్చేస్తారు.

## బోరు నీళ్లు ట్యాంకును ఏం చేస్తాయి

నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. అయితే నీళ్లు కాచే యంత్రానికి ఫ్లోరైడ్ శత్రువు కాదు. శత్రువు కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాములు కోరదగినది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

600 ఉన్న బోరు నీళ్లు రోజుకు 100 లీటర్లు, 120 రోజులు కాచితే ట్యాంకు గుండా ఏడు కిలోలకు పైగా సున్నం పోతుంది. అందులో పదో వంతు పేరుకున్నా ముప్పావు కిలో తెల్లటి పెచ్చు. గీజర్ విప్పినప్పుడు ఎలిమెంట్ వేలు లావున్నది మణికట్టు లావయి కనిపించేది ఇందుకే. ఆ పెచ్చు వేడిని నీళ్లలోకి పోనివ్వదు, ఎలిమెంట్ లోపలే మాడి చిట్లుతుంది.

హీట్ పంప్‌లో ఇది రకాన్ని బట్టి ఉంటుంది. ఇంటి యంత్రాల్లో ఎక్కువ వాటికి వేడిని మోసుకొచ్చే గ్యాస్ (ఏసీలో ఉండేలాంటిది) తిరిగే గొట్టం ట్యాంకు బయట చుట్టి ఉంటుంది, నీళ్లకు తగలదు. పెచ్చు ట్యాంకు గోడకు పట్టినా ఉపరితలం పెద్దది కాబట్టి నష్టం నెమ్మదిగా కనిపిస్తుంది. రెండో రకంలో నీళ్లను చిన్న పంపుతో సన్నటి సందులున్న ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (గ్యాస్ వేడిని నీళ్లకు అందించే పలకల పెట్టె) గుండా తిప్పుతారు. గట్టి నీళ్లకు ఆ సందులు రెండు మూడు చలికాలాల్లోనే పూడుకుపోతాయి, యంత్రం హై ప్రెషర్ ఎర్రర్ చూపి ఆగుతుంది. మెకానిక్ గ్యాస్ తగ్గిందని గ్యాస్ నింపి పోతే డబ్బు పోతుంది, రోగం పోదు. బోరు నీళ్ల ఇంటికి చుట్టు గొట్టం రకమే సరైనది. కొనేముందు అడిగి తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

నీళ్ల వేడిని 50 డిగ్రీల దగ్గర పెట్టడం రెండో జాగ్రత్త. 60 దాటితే సున్నం విడిపోవడం బాగా పెరుగుతుంది, యంత్రం రెట్లు కూడా పడిపోతాయి. ట్యాంకులో సూక్ష్మజీవులు పెరగకుండా వారానికి ఒక్కసారి 60కి తెచ్చి మళ్లీ దించితే చాలు. మూడోది మెగ్నీషియం రాడ్. ఎనామెల్ పూత ట్యాంకుల్లో ఇది తాను అరిగిపోతూ ట్యాంకు తుప్పు పట్టకుండా కాస్తుంది. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లలో ఏడాది, రెండేళ్లకే తీగ మిగిలేలా కరిగిపోతుంది. రాడ్ మార్చితే తక్కువలో పోతుంది. మార్చకపోతే ట్యాంకుకు చిల్లు పడుతుంది, దానికి రిపేరు లేదు. ఏడాదికోసారి, దసరా దాటాక చలి మొదలయ్యే లోపు, అడుగు నల్లా తిప్పి మడ్డి వదిలించి, రాడ్ విప్పి చూడాలి.

మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు బోరు నీళ్లంత గట్టివి కావు. సంపులో రెండూ కలిపేసుకునే ఇళ్లలో ఆ లాభం పోతోంది. హీట్ పంప్‌కు వెళ్లే చిన్న ట్యాంకును వేరుచేసి కృష్ణా నీళ్లతో నింపుకోగలిగితే, సాఫ్టనర్ (నీళ్లలోని సున్నం తీసే యంత్రం) కొని నెలనెలా ఉప్పు పోసే ఖర్చు తప్పుతుంది.

## గాలి అందని యంత్రం

ఫ్యాన్ పీల్చే గాలి, వదిలే చల్లగాలి కలవకూడదు. బాత్రూము అటక మీదో, మెట్ల కింది గదిలోనో పెట్టి తలుపేస్తే తాను చల్లబరిచిన గాలినే మళ్లీ పీలుస్తుంది, రెట్లు బాగా పడిపోతాయి. వంటింటి వెనక గిన్నెలు తోమే చోటు మంచిది. వానాకాలంలో యంత్రం గాలిలోని తేమను లీటర్ల కొద్దీ నీళ్లుగా కార్చుతుంది, దానికి వాలుగా డ్రెయిన్ పైపు ఉండాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కన ఊక దుమ్ము, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ము సన్నటి అల్యూమినియం రెక్కల మధ్య చేరి గాలిని ఆపేస్తాయి. అటువంటి చోట నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులిపి, పైపు నీళ్లు మెల్లగా వదిలి కడగాలి. కారు కడిగే ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

## అదే డబ్బుతో ఇంకేం వస్తుంది

200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ 30 నుంచి 40 వేలకు వస్తుంది, కరెంటు అక్కర్లేదు. మబ్బు రోజుల్లో చల్లబడుతుంది, గాజు గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, కోతులు గొట్టాలు పగలగొడతాయి. ఈ లోపాలన్నీ లెక్కేసినా, చలికాలం ఎండ దండిగా ఉండే ఈ జిల్లాల్లో చిన్న కుటుంబానికి హీట్ పంప్ కన్నా ఇదే ముందు వరసలో నిలుస్తుంది.

ఇంటి మీద కరెంటు పలకలు (సోలార్ ప్యానెళ్లు) పెట్టించుకుంటే లెక్క ఇంకా మారుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, ఆ పైన 78 వేల సబ్సిడీ ఉంది. రెండు కిలోవాట్ల పలకలు రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా ఇస్తాయి, ఏడాదంతా ఇస్తాయి. చేతిలో లక్ష ఉన్న ఇంటికి ముందు పలకలు, ఉన్న గీజర్ అలాగే ఉంచడం సరైన వరస. గీజర్ పాడయ్యాక హీట్ పంప్ గురించి ఆలోచించి, మధ్యాహ్నం సొంత కరెంటుతో నడిపితే అప్పుడు రెండూ జోడు కుదురుతాయి.

నికరంగా గిట్టుబాటయ్యేది ఏడాది పొడవునా నీళ్లు కాగే చోట. యాదగిరిగుట్టలో దర్శనానికి ముందు తెల్లవారుజామున స్నానాలు చేసే భక్తులతో నిండే ఇరవై గదుల లాడ్జిని తీసుకుందాం. రోజుకు 40 మంది, తలా 30 లీటర్లు, ఏడాది సగటున 14 డిగ్రీలు పెంచాలంటే 19.5 యూనిట్ల వేడి. గదికొక గీజర్ ఉంటే, ఊరికే చల్లారి పోయేదే ఇరవైటికీ కలిపి ఎనిమిది యూనిట్లు. వాణిజ్య టారిఫ్‌లో 500 యూనిట్లు దాటాక యూనిట్ 11 రూపాయలు. రోజుకు 300 రూపాయలు. ఒకే పెద్ద హీట్ పంప్, ఇన్సులేషన్ ఉన్న ట్యాంకు పెడితే, పైపుల్లో పోయేది కలిపినా ఎనిమిది యూనిట్ల లోపు, అంటే 85 రూపాయలు. గదులన్నీ నిండితే ఏడాదికి దాదాపు 80 వేలు మిగులు. సగం నిండితే అంత ఉండదు, ట్యాంకు చల్లారే నష్టం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి పండుగల జనాన్ని చూసి కాక, మామూలు మంగళవారం ఎన్ని గదులు నిండుతాయో చూసి ట్యాంకు సైజు నిర్ణయించాలి. మిగతా రద్దీకి పాత గీజర్లు గదుల్లో ఉంచుకోవచ్చు.

ఇంత పెద్ద యంత్రాల్లో నీళ్లు ఎక్స్ఛేంజర్ గుండానే తిరుగుతాయి. బోరు నీళ్లయితే సాఫ్టనర్‌తో పాటు, ఎక్స్ఛేంజర్‌కు రెండు వైపులా వాల్వులు, యాసిడ్ తిప్పి కడగడానికి రెండు చిన్న కనెక్షన్లు మొదటే పెట్టించాలి. కొత్తగా కట్టే లాడ్జీలో వేడి నీళ్ల లైను, తిరిగి వచ్చే లైను ప్లాస్టరింగ్‌కు ముందే గోడల్లో వేయించి, నీళ్లు నింపి ఒక రాత్రంతా ప్రెషర్ గేజ్ ముల్లు దిగలేదని చూశాకే మేస్త్రీని గోడ మూయనివ్వాలి.